సెలబ్రిటీ డ్యాన్స్ పోటీల్లో మార్కులూ ఓట్లూ: ఒక సమీక్ష

సెలబ్రిటీల డ్యాన్స్ పోటీల్లో విజేతను తేల్చే అధికారం రెండు చోట్ల ఉంటుంది. వేదిక ముందు కూర్చున్న జడ్జీలు మార్కులు వేస్తారు, ఇళ్లలో కూర్చున్న ప్రేక్షకులు ఓట్లు వేస్తారు. రెంటినీ కలిపి ఆ వారం ఎవరు నిలిచారో, ఎవరు ఎలిమినేట్ అయ్యారో ప్రకటిస్తారు. ఈ ఏర్పాటు మొదలై ఇరవై ఏళ్లు దాటింది, పదుల దేశాలకు పాకింది. వెళ్లిన చోటల్లా దాదాపు ఒకే తరహా గొడవ లేచింది: బాగా ఆడినవాళ్లు వెళ్లిపోతున్నారు, అడుగు సరిగా పడనివాళ్లు మిగిలిపోతున్నారు అని.

ఈ గొడవను నిపుణులకూ జనానికీ మధ్య తగాదాగా చెప్పుకోవడం రివాజు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఇన్నేళ్ల అనుభవాన్ని వరసగా పరిశీలిస్తే తగాదాలో పెద్ద భాగం కూడికలోనే ఉందని తెలుస్తుంది. మార్కుల్నీ ఓట్లనీ ఏ లెక్కన కలుపుతున్నారు, ఆ లెక్కను ఎంతవరకు బయటపెడుతున్నారు అన్న రెండు విషయాలు తేలకుండా మిగతా వాదనలు ఎంత చేసినా ఒక కొలిక్కి రావు.

పోటీ ఎలా పుట్టింది

బ్రిటన్‌లో బీబీసీ దాదాపు అర్ధ శతాబ్దం పాటు ‘కమ్ డ్యాన్సింగ్’ అనే బాల్‌రూమ్ పోటీని ప్రసారం చేసింది. అది 1998లో ఆగిపోయింది. దాన్ని సెలబ్రిటీలతో, ప్రేక్షకుల ఓటుతో కొత్తగా మలిచి 2004 మేలో ‘స్ట్రిక్ట్‌లీ కమ్ డ్యాన్సింగ్’ పేరుతో తెచ్చారు. ఒక సెలబ్రిటీకి ఒక వృత్తి నర్తకుడినో నర్తకినో జోడీగా ఇవ్వడం, వారానికొక నృత్య శైలి నేర్పించడం, నలుగురు జడ్జీలు ఒక్కొక్కరు 10కి మార్కులు వేయడం దాని చట్రం. తొలి విజేత వార్తలు చదివే నటాషా కప్లిన్‌స్కీ.

మరుసటి ఏడాది జూన్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్ ‘డ్యాన్సింగ్ విత్ ద స్టార్స్’గా దాన్ని దింపుకుంది. భారతదేశంలో 2006 సెప్టెంబరులో సోనీ ‘ఝలక్ దిఖ్‌లా జా’ను మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా వీళ్లిద్దరికన్నా ముందే, 2004లోనే అందుకుంది.

ప్రేక్షకుల ఓటు డ్యాన్స్ పోటీలతో పుట్టింది కాదు. యూరోవిజన్ పాటల పోటీలో 1997లో కొన్ని దేశాలు ప్రయోగంగా ఫోన్ ఓటు పెట్టాయి. ‘బిగ్ బ్రదర్’, ‘పాప్ ఐడల్’ వచ్చాక అది టీవీ వ్యాపారానికి ఆయువుపట్టు అయింది. డ్యాన్స్ పోటీ చేసిన కొత్త పని ఒకటే. ఐడల్ పోటీల్లో ఫైనల్ దశకు వచ్చాక జడ్జీలది సలహా మాత్రమే, తీర్పు జనానిది. ఇక్కడ జడ్జీల మార్కుకు కూడా లెక్కలో వాటా ఇచ్చారు, అదీ సగానికి సగం అని ప్రకటించి ఇచ్చారు. ఆ ‘సగం’ దగ్గరే చిక్కంతా మొదలైంది.

సగం సగం అంటే ఎంత

మార్కుల్నీ ఓట్లనీ కలపడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. ఒకటి ర్యాంకుల పద్ధతి. బ్రిటన్‌లో వాడేది ఇదే. అమెరికాలోనూ మొదటి రెండు సీజన్లకు దీన్నే వాడారు. రెండోది శాతాల పద్ధతి. అమెరికా షో మూడో సీజన్ నుంచి చాలా ఏళ్లు దీన్ని అనుసరించింది.

తేడా తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ చాలు. నాలుగు జోడీలున్నాయి: క, గ, చ, ట. జడ్జీలు 40కి వేసిన మార్కులు వరసగా 36, 34, 30, 20. ప్రతి వంద ఓట్లలో వాళ్లకు పడినవి వరసగా 20, 24, 16, 40. అంటే ‘ట’ జోడీకి నాట్యం రాదు, జనాభిమానం మాత్రం దండిగా ఉంది.

ర్యాంకుల పద్ధతిలో జడ్జీల వైపు నుంచి క, గ, చ, ట జోడీలకు 4, 3, 2, 1 పాయింట్లు వస్తాయి. ఓట్ల వైపు నుంచి ‘ట’కు 4, ‘గ’కు 3, ‘క’కు 2, ‘చ’కు 1. మొత్తం చూస్తే ‘క’, ‘గ’లకు చెరి 6, ‘ట’కు 5, ‘చ’కు 3. ‘ట’ మూడో స్థానంలో ఆగిపోతుంది. బ్రిటన్ నియమం ప్రకారం పాయింట్లు సమానమైతే ప్రేక్షకుల ఓటు ఎక్కువ ఉన్నవాళ్లదే పైచేయి కాబట్టి ‘గ’ మొదటి స్థానంలో నిలుస్తుంది.

శాతాల పద్ధతిలో జడ్జీలు వేసిన మొత్తం 120 మార్కుల్లో ఎవరి వాటా ఎంతో చూస్తారు: ‘క’కు 30, ‘గ’కు 28.3, ‘చ’కు 25, ‘ట’కు 16.7 శాతం. వీటికి ఓట్ల శాతం కలిపితే ‘ట’కు 56.7, ‘గ’కు 52.3, ‘క’కు 50, ‘చ’కు 41. అవే మార్కులు, అవే ఓట్లు. కూడిక మారేసరికి అట్టడుగు నర్తకుడు అగ్రస్థానానికి ఎక్కి కూర్చున్నాడు.

కారణం తేలికే. ర్యాంకులు దూరాన్ని పట్టించుకోవు. ‘ట’కు వందలో 40 ఓట్లు వచ్చినా, ‘గ’ కన్నా ఒకే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా దక్కేవి ఆ 4 పాయింట్లే. అలాగే జడ్జీలు 20 వేసినా 29 వేసినా ‘ట’కు వచ్చేది ఆ 1 పాయింటే. శాతాల్లో దూరమే ప్రధానం. ఎవరి అంకెల్లో ఎగుడుదిగుడులు ఎక్కువో వాళ్ల మాట చెల్లుతుంది. జడ్జీల మార్కులు సహజంగా ఒకచోట గుమిగూడతాయి. పై ఉదాహరణలో మొదటి జోడీకీ చివరి జోడీకీ మధ్య జడ్జీలు చూపిన తేడా 13.3 శాతం, ప్రేక్షకులు చూపిన తేడా 24 శాతం. కాగితం మీద సగం సగమే గానీ ఆచరణలో ప్రేక్షకుల వాటా దాదాపు రెట్టింపు.

ఫైనల్‌కు వచ్చేసరికి ఇది ఇంకా ముదురుతుంది. అక్కడ దాదాపు అందరికీ నిండు మార్కులు పడతాయి. ముగ్గురికి 40, 39, 37 వచ్చాయనుకుంటే వాటాలు 34.5, 33.6, 31.9 శాతం. పైనుంచి కిందికి మూడు శాతం తేడా కూడా లేదు. చేతికి ఎముక లేని జడ్జీ తన అధికారాన్ని తానే వదులుకుంటున్నాడన్నమాట. నాణ్యతకు విలువ తగ్గిపోతోందని వాపోయే జడ్జీల ప్యానళ్లే వారం వారం మార్కులు పెంచుకుంటూ పోవడం ఈ వ్యవహారంలో ఎవరూ పెద్దగా మాట్లాడని విచిత్రం.

మూడు సందర్భాలు

సిద్ధాంతం ఎలా ఉన్నా నియమాలు మారింది మాత్రం ఎప్పుడూ రచ్చ జరిగిన తర్వాతే.

మొదటిది బ్రిటన్‌లో 2008 నాటిది. ఆ ఏడాది రాజకీయ విలేకరి జాన్ సార్జెంట్ పోటీలో ఉన్నారు. వయసు అరవై దాటింది. జడ్జీల పట్టికలో ఆయన స్థానం అడుగునే ఉండేది. ప్రేక్షకులు మాత్రం వారం వారం ఆయన్ని గట్టెక్కించారు. ఆయనకన్నా బాగా ఆడినవాళ్లు వెళ్లిపోతుంటే విమర్శ పెరిగింది. చివరికి నవంబరులో, నిజంగానే గెలిచేస్తానేమోనన్న భయంతో, ఆయనే తప్పుకున్నారు. ఓట్లు చాలక కాక, ఎక్కువై బరిలోంచి తప్పుకున్న పోటీదారు ఆయన.

రెండోదీ అదే సీజన్‌ది. డిసెంబరు సెమీఫైనల్లో లెక్కే అడ్డం తిరిగింది. ముగ్గురు మిగిలారు: రేచల్ స్టీవెన్స్, లీసా స్నోడన్, టామ్ చేంబర్స్. జడ్జీల మార్కుల్లో రేచల్, లీసా మొదటి స్థానంలో సమానంగా వచ్చారు. అందువల్ల ఇద్దరికీ 3 పాయింట్లు, టామ్‌కు 1. ప్రేక్షకుల ఓట్లలో టామ్ మొదటి స్థానంలో వచ్చినా ఆయన మొత్తం 4 దాటదు. మిగిలిన ఇద్దరిలో ఒకరికి 3, 2 కలిసి 5, ఇంకొకరికి 3, 1 కలిసి 4. అంటే జనం ఎన్ని ఓట్లు వేసినా, జడ్జీల తీర్పుకు వెళ్లే చివరి ఇద్దరిలోంచి టామ్‌ను తప్పించలేరు. ఈ సంగతి ఓటింగు మొదలయ్యాక గానీ తెలియలేదు. జనం డబ్బు పెట్టి వేసిన ఓటుకు ఫలితం ఉండదని తేలడంతో బీబీసీ ఆ వారం ఎలిమినేషన్ రద్దు చేసి, ముగ్గుర్నీ ఫైనల్‌కు పంపి, పడిన ఓట్లను ఫైనల్ లెక్కలో కలిపింది. కొసమెరుపు ఏమిటంటే ఆ ఫైనల్లో గెలిచింది టామ్ చేంబర్సే.

మూడోది అమెరికాది, 2018లో 27వ సీజన్. ఫైనల్‌కు చేరిన నలుగురిలో రేడియో వ్యాఖ్యాత బాబీ బోన్స్ జడ్జీల మార్కుల్లో వెనకబడినవారు. ట్రోఫీ ఆయనకే దక్కింది. అంతకుముందూ ఇలాంటివి లేకపోలేదు. రెండో సీజన్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జెర్రీ రైస్ తక్కువ మార్కులతోనే ఫైనల్ చేరి రెండో స్థానంలో నిలిచారు. 2010లో రాజకీయ నాయకురాలి కుమార్తె బ్రిస్టల్ పేలిన్ మూడో స్థానం దాకా వచ్చారు, ఆమెకన్నా మార్కుల్లో ఎంతో ముందున్న గాయని బ్రాండీ ఇంటిదారి పట్టారు. అయితే అవేవీ విజయం దాకా వెళ్లలేదు. బాబీ బోన్స్ గెలిచాక నియమం మారింది. 2019లో 28వ సీజన్ నుంచి చివరి ఇద్దరిలో ఎవరు ఉండాలన్నది జడ్జీల చేతికి ఇచ్చారు.

జడ్జీల పక్షం ఏమంటుంది

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. పోటీ పేరు డ్యాన్స్ పోటీ, కాబట్టి డ్యాన్స్ తెలిసినవాళ్లు తేల్చాలి. పాదం ఎక్కడ పడింది, తాళానికి అందిందా, జోడీ మధ్య పట్టు ఎలా ఉంది అన్నవి చూసీ చూడగానే అందరికీ కనిపించేవి కావు. ఓటుకే వదిలేస్తే అప్పటికే అభిమానగణం ఉన్నవాళ్లు నిద్రపోతూ కూడా గెలుస్తారు. ఆస్ట్రేలియా తొలి సీజన్‌లోనే, 2004లో, వివాదాస్పద రాజకీయ నాయకురాలు పౌలీన్ హాన్సన్ రెండో స్థానం దాకా రావడాన్ని ఈ పక్షం తరచూ గుర్తుచేస్తుంది.

అయితే జడ్జీల చేతికి ఇచ్చినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనుకోవడం అమాయకత్వం. ప్రదర్శనల వరస కూడా మార్కుల మీద పని చేస్తుంది. యూరోవిజన్, ఫిగర్ స్కేటింగ్ పోటీల మీద జరిగిన పరిశోధనలో ఆఖర్న వచ్చినవాళ్లకు మెరుగైన మార్కులు పడుతున్నట్టు తేలింది. బంధుత్వాల చిక్కు మరొకటి. అమెరికా షోలో జూలియన్ హఫ్ జడ్జీగా ఉన్న కాలంలోనే ఆమె అన్న డెరెక్ హఫ్ పోటీలో నర్తకుడిగా ఉన్నారు. ఇక 2002 శీతాకాల ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ జడ్జీల కుమ్మక్కు బయటపడి మార్కుల విధానాన్నే మార్చాల్సి వచ్చింది. నిపుణత ఒకటి, నిష్పాక్షికత ఇంకొకటి.

అసలు జడ్జీగా ఎవరు కూర్చోవాలన్నదీ తేలని విషయమే. బీబీసీ 2009లో అనుభవజ్ఞురాలైన కొరియోగ్రాఫర్ ఆర్లీన్ ఫిలిప్స్‌ను తప్పించి, 2007లో అదే పోటీలో గెలిచిన గాయని అలీషా డిక్సన్‌ను కూర్చోబెట్టింది. వయసు మీరిన మహిళను పక్కన పెట్టారన్న ఆరోపణ బ్రిటన్ పార్లమెంటు దాకా వెళ్లింది. భారతదేశంలో మొదటి నుంచీ కలగలుపే. ‘ఝలక్’ తొలి సీజన్లో ఫరా ఖాన్ పక్కన సంజయ్ లీలా భన్సాలీ, శిల్పా శెట్టి కూర్చున్నారు. అంటే ఒక కొరియోగ్రాఫర్, ఒక దర్శకుడు, ఒక నటి. ప్యానల్లో ఒక్కరే నృత్య నిపుణులైనప్పుడు జడ్జీల మార్కును ‘నిపుణుల తీర్పు’ అని పూర్తిగా ఎలా పిలుస్తామన్నది ఈ పక్షం జవాబు చెప్పని ప్రశ్న.

ప్రేక్షకుల పక్షం ఏమంటుంది

రెండో పక్షం పోటీని వేరే కళ్లతో చూస్తుంది. నటుడు, క్రికెటర్, గాయని, వంటల నిపుణుడు కలిసి డ్యాన్స్ చేస్తే అది సమాన స్థాయి పోటీ ఎప్పుడూ కాదు. ఒకరు చిన్నప్పుడే నాట్యం నేర్చుకుని ఉంటారు, మరొకరు మొదటిసారి కాలు కదుపుతుంటారు. అలాంటప్పుడు కొలవాల్సింది ఎవరు ఎక్కడికి చేరారన్నది కాదు, ఎక్కడి నుంచి బయలుదేరి ఎంత దూరం వచ్చారన్నది. దాన్ని జడ్జీల మార్కు పట్టుకోలేదు. అది ఆ రాత్రి ప్రదర్శనకే పరిమితం. వారం వారం చూస్తూ వచ్చిన ప్రేక్షకుడు పట్టుకోగలడు.

ఈ వాదనకు బలం ఇచ్చిన సంఘటనలు ఉన్నాయి. బ్రిటన్‌లో 2021లో వినికిడి లేని నటి రోజ్ ఐలింగ్ ఎలిస్, 2024లో చూపు లేని హాస్యనటుడు క్రిస్ మెకాస్‌లాండ్ గెలిచారు. సానుభూతి ఓటని పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు గానీ, రోజ్ నిండు మార్కులు తెచ్చుకున్న నర్తకి కూడా. కాబట్టి ఆమె విజయాన్ని ఓట్ల ఖాతాలో మాత్రమే వేయడం సరికాదు.

ఈ పక్షానికి ఉన్న బలహీనత వేరు. ఓటు వేసేవాళ్లు వేరే వేరే కారణాలకు వేస్తారు. అభిమానం, ప్రాంతం, భాష, రాజకీయం, జాలి, కొన్నిసార్లు అల్లరి. వాటిలో ‘ఎదుగుదల’ ఎంత ఉందో విడదీసి చూపడం అసాధ్యం. పైగా ఓటు సంఖ్యలోనూ సమానత్వం లేదు. ఒక మనిషికి ఒక ఓటు అన్నది ఈ పోటీల్లో నియమం కాదు. ఓపిక, డబ్బు, ఫోన్లు ఉన్నంత మేరకు వేసుకోవచ్చన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. దీన్ని ప్రజాస్వామ్యం అనడం ఆ మాటను పలచన చేయడమే.

జడ్జీలకూ ప్రేక్షకులకూ మధ్య ఒక దొంగాట కూడా నడుస్తుంది. తమ అభిమాన నర్తకికి జడ్జీలు తక్కువ వేశారని కోపగించి జనం ఎక్కువ ఓట్లు గుద్దుతారు. ఎక్కువ వేస్తే ‘ఎలాగూ ఉంటుందిలే’ అని ఫోను పక్కన పెడతారు. 2007లో అమెరికా షోలో మార్కుల్లో ముందున్న సబ్రీనా బ్రయన్ మధ్యలోనే వెళ్లిపోయినప్పుడు చాలామంది ఇచ్చిన వివరణ ఇదే. అంటే మార్కు, ఓటు రెండు విడివిడి తీర్పులు కావు. ఒకటి రెండోదాన్ని కదిలిస్తుంది. రెంటినీ కలిపి సగటు తీస్తే న్యాయం జరుగుతుందన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

మధ్యేమార్గం

ఇద్దర్నీ ఒకే లెక్కలో కలపకుండా దశలవారీగా పని పంచడం మూడో ఆలోచన. బ్రిటన్‌లో 2007లో వచ్చిన డ్యాన్స్ ఆఫ్ ఇలాంటిదే. మొత్తం లెక్కలో చివరన నిలిచిన రెండు జోడీలు మళ్లీ ఆడతాయి, ఎవరు ఉండాలో జడ్జీలు చెబుతారు, చెరి సమానంగా చీలితే ప్రధాన జడ్జీ మాట చెల్లుతుంది. 2010లో దీన్ని తీసేశారు. ఆ ఏడాదే మాజీ మంత్రి ఆన్ విడెకోంబ్ తక్కువ మార్కులతో చాలా వారాలు నెగ్గుకొచ్చారు. 2012లో డ్యాన్స్ ఆఫ్ తిరిగి వచ్చింది.

ఇది ఎలా పని చేస్తుందో 2016 చూపించింది. మాజీ మంత్రి ఎడ్ బాల్స్ జనాభిమానం వల్ల చాలా వారాలు చివరి ఇద్దరి జాబితాలో పడలేదు. పడకపోతే జడ్జీలు చేయగలిగేది లేదు. పదో వారంలో పడ్డారు, జడ్జీలు అదే రోజు పంపించేశారు. అభిమానం ఉన్నంతకాలం ఆడించి, అది కాస్త తగ్గగానే దించేసే ఏర్పాటు ఇది. ఫైనల్లో మాత్రం బ్రిటన్ జడ్జీల మార్కులు సలహా కిందే లెక్క, విజేతను పూర్తిగా జనం ఎన్నుకుంటారు. వడపోత నిపుణులది, పట్టాభిషేకం జనానిది. ఇప్పటిదాకా ప్రయత్నించిన వాటిలో తక్కువ తలనొప్పులు తెచ్చిన ఏర్పాటు ఇదేనని చెప్పవచ్చు. జడ్జీలు ఒకే రాత్రి మార్కు రూపంలో ఒకసారి, డ్యాన్స్ ఆఫ్‌లో ఇంకోసారి తీర్పు చెబుతున్నారన్న అభ్యంతరం మాత్రం దీనికీ ఉంది.

భారతదేశంలో ఓటు రుచి

ఇక్కడ ఓటింగు చర్చకు ప్రాంతం రంగు ముందే అంటింది. దానికి డ్యాన్స్ కన్నా పాట కారణం. 2007లో డార్జిలింగ్‌కు చెందిన ప్రశాంత్ తమాంగ్ ‘ఇండియన్ ఐడల్’ గెలిచినప్పుడు ఆ కొండప్రాంతంలో, సిక్కింలో ఊరూవాడా కలిసి ఎస్సెమ్మెస్‌లు పంపింది. తెలుగువాళ్లకూ ఈ అనుభవం కొత్తేమీ కాదు. అంతకు ముందు ఏడాది ఎన్.సి. కారుణ్య అదే పోటీ ఫైనల్‌కు చేరినప్పుడు ఇక్కడా ఎస్సెమ్మెస్‌ల ప్రచారం నడిచింది. కారుణ్య రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ఆ టైటిల్ తెచ్చారు. ఓడినప్పుడు ఓటింగు పద్ధతిని తిట్టి, గెలిచినప్పుడు ప్రతిభను పొగడటం అన్ని ప్రాంతాల అభిమానులకూ ఉన్న అలవాటే.

‘ఝలక్ దిఖ్‌లా జా’లో 2009లో ఫుట్‌బాల్ ఆటగాడు బైచుంగ్ భూటియా టీవీ నటీనటుల్ని వెనక్కి నెట్టి గెలిచినప్పుడు ఈశాన్య ఓట్ల మాట మళ్లీ వినిపించింది. అయితే ఆ షో ఎదుర్కొన్న గట్టి ప్రశ్న వేరు. 2015లో గెలిచిన ఫైసల్ ఖాన్, ఆ తర్వాతి సీజన్లో గెలిచిన తెరియా మగర్, ఇద్దరూ అంతకుముందు ‘డ్యాన్స్ ఇండియా డ్యాన్స్ లిటిల్ మాస్టర్స్’ విజేతలు. డ్యాన్స్ పోటీల ద్వారా సెలబ్రిటీలైనవాళ్లను సెలబ్రిటీల డ్యాన్స్ పోటీకి తేవడం అంటే ఈదడం నేర్చుకునేవాళ్ల మధ్యకు చేపను వదలడమే. జడ్జీల పక్షం కోరుకున్న ఫలితమే వచ్చింది, కానీ పోటీకి ఉన్న అసలు ఆకర్షణ, రానివాళ్లు నేర్చుకోవడం, పోయింది. 2024లో వైల్డ్ కార్డుతో వచ్చిన మనీషా రాణి గెలవడం ఇంకో కొసకు ఊగడం. ఆమె బలం సోషల్ మీడియా, ‘బిగ్ బాస్’ ఓటీటీ ద్వారా వచ్చిన అభిమానులు.

తెలుగు తెర మీద డ్యాన్స్ షోలకు కొదవ లేదు. ఈటీవీలో ‘ఢీ’, జీ తెలుగులో ‘ఆట’ చాలా ఏళ్లు నడిచాయి. అయితే వాటిలో ఎక్కువగా ఆడినవాళ్లు తారలు కారు, ఆడి తారలైనవాళ్లు. సెలబ్రిటీ జోడీల పోటీకి దగ్గరగా వచ్చినవి స్టార్ మాలో ‘బీబీ జోడి’, 2023లో వచ్చిన ‘నీతోనే డ్యాన్స్’. రెండింటికీ తొలుత నటీమణులు రాధ, సదా, కొరియోగ్రాఫర్ తరుణ్ మాస్టర్ జడ్జీలు. ముందే చిత్రీకరించి ఎడిట్ చేసి చూపించే షోలలో అదే రాత్రి ఓటు అడిగి అదే రాత్రి ఫలితం చెప్పడం కుదరదు. కాబట్టి తెలుగులో జనం ఓటు అసలు బలం తెలిసింది డ్యాన్స్ షోలలో కాదు, ‘బిగ్ బాస్’లో. 2018లో కౌశల్ విజయం వెనక ‘కౌశల్ ఆర్మీ’ పేరుతో నడిచిన ఓట్ల ప్రచారం, అభిమానులు సంఘటితమైతే ఏం చేయగలరో చూపింది. రేపు పూర్తిస్థాయి సెలబ్రిటీ డ్యాన్స్ పోటీని ప్రేక్షకుల ఓటుతో తెచ్చే తెలుగు ఛానల్ ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది దీన్నే.

ఓటు ఖరీదు

ఓటు ఉచితం కానంతకాలం ఛానల్‌కు తగాదా కూడా లాభమే. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. బ్రిటన్‌లో 2007లో ఫోన్ పోటీల మోసాలు వరసగా బయటపడ్డాయి. మరుసటి ఏడాది ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఐటీవీకి 50 లక్షల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. బీబీసీకీ 4 లక్షల పౌండ్ల జరిమానా తప్పలేదు. తర్వాత ‘స్ట్రిక్ట్‌లీ’ ఆన్‌లైన్లో, ఖాతాకు పరిమితమైన సంఖ్యలో, ఉచిత ఓటు తెచ్చింది.

భారతదేశంలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ వీక్షకుల పోటీకి ఒక్కో ఎస్సెమ్మెస్‌కు 2.40 రూపాయలు వసూలు చేశారన్న ఫిర్యాదు మీద 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ స్టార్ ఇండియా, ఎయిర్‌టెల్‌లకు కోటి రూపాయల జరిమానా విధించింది. బహుమతి సొమ్ము ఎస్సెమ్మెస్ ఆదాయంలోంచే ఇచ్చారనడానికి ఆధారం లేదంటూ సుప్రీంకోర్టు తర్వాత దాన్ని కొట్టివేసింది. యాప్‌లు, మిస్డ్ కాల్‌లు వచ్చాక రూపాయల బాధ తగ్గింది. దాని బదులు ఒకరే పది ఖాతాలు తెరవడం అనే కొత్త బాధ మొదలైంది.

ఏది తేలింది, ఏది తేలలేదు

ఇన్నేళ్లలో తేలిన సంగతులు కొన్ని ఉన్నాయి. సగం సగం అన్న ప్రకటనకు కూడిక పద్ధతి చెప్పకపోతే అర్థం లేదు. ర్యాంకులు అతి అభిమానాన్నీ అతి కోపాన్నీ రెంటినీ కత్తిరిస్తాయి, శాతాలు రెంటినీ యథాతథంగా పోనిస్తాయి. అయితే ర్యాంకుల్లో మార్కులు సమానమైతే 2008 లాంటి ముళ్లు పడతాయి. లోపం లేని కూడిక ఏదైనా ఉందా అంటే, ముగ్గురు అంతకుమించి పోటీదారులున్నప్పుడు అందరి ర్యాంకుల్నీ కలిపి అన్ని న్యాయ నియమాలకూ నిలబడే పద్ధతి ఉండదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1951లోనే గణితంతో నిరూపించారు. కనుక వెతకాల్సింది లోపం లేని నియమం కోసం కాదు, ముందే చెప్పిన నియమం కోసం.

తేలనివి ఇంకా బరువైనవి. పోటీ కొలవాల్సింది నైపుణ్యాన్నా, ఎదుగుదలనా అన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. ఓటర్లు నిజంగా జడ్జీల మార్కుకు ఎదురు తిరుగుతారా, ఏ మేరకు తిరుగుతారు, ఏదైనా వర్గం పోటీదారుల పట్ల పక్షపాతం ఉందా అన్నవి కొలిస్తే తెలిసే విషయాలు. కొలవడానికి ఓట్ల లెక్క కావాలి, అది బయటికి రాదు. పోటీదారుల మీద, తర్వాతి ఓటింగు మీద ప్రభావం పడుతుందన్నది బీబీసీ చెప్పే కారణం. సీజన్ నడుస్తుండగా ఆ మాట సబబే. ట్రోఫీ ఇచ్చేసి, దీపాలార్పేశాక కూడా అదే మాట చెప్పడం నిలవదు. యూరోవిజన్‌లో ఫైనల్ ముగియగానే దేశాలవారీగా జ్యూరీ తీర్పునూ ప్రేక్షకుల తీర్పునూ విడివిడిగా ప్రచురిస్తున్నారు. దానివల్ల ఆ పోటీ మూతపడలేదు. మన ఛానళ్లు కూడా సీజన్ ముగిశాక వారంవారీగా ఎవరికి ఎంత శాతం ఓట్లు పడ్డాయో, వాటిని మార్కులతో ఎలా కలిపారో ప్రకటించాలి. ఓటు అడిగినవాళ్లు లెక్క చెప్పాలి.